చూసుకునే మనిషి ఎవరు? భవానీపూర్ నుంచి ఒక ప్రశ్న

నా ప్రశ్నావళి మొదటి పేజీలో ఒక గడి ఉండేది. ‘ప్రధాన సంరక్షకులు’ అని దాని పేరు. కింద చిన్న అక్షరాల్లో రెండు షరతులు: పెద్దవారికి బంధువై ఉండాలి, ఈ పనికి జీతం తీసుకుంటూ ఉండకూడదు. పిహెచ్‌డి రెండో ఏడాదిలో ఆ షరతులు రాసింది నేనే. ఎవరూ బలవంతం చేయలేదు. నేను చదివిన పత్రాల్లో చాలావాటిలో అలాగే ఉంది కాబట్టి నేనూ అలాగే రాశాను.

ఇంట్లో వృద్ధులనూ చిన్నపిల్లలనూ ఒకే సమయంలో చూసుకునే మనుషుల మీద నా పరిశోధన. క్షేత్రం కోల్‌కతాలోని భవానీపూర్. కింద మెట్రో, పైన ఆశుతోష్ ముఖర్జీ రోడ్డు రద్దీ, జదుబాబు బజార్. లోపలి వీధుల్లోకి వెళ్తే పొడుగు కిటికీల పాత ఇళ్ళు, వాటి మధ్య లేచిన అపార్ట్‌మెంట్లు. అలాంటి ఒక పాత ఇంట్లో ఆ గడి నింపడానికి కూర్చున్న రోజున నా షరతుల సంగతి నాకు అర్థమైంది. ఆ కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు ఇక్కడ మార్చి రాస్తున్నాను.

ఇంట్లో 80 దాటిన పెద్దావిడకు డిమెన్షియా. నర్సరీకి వెళ్ళే నాలుగేళ్ళ మునిమనవడు. నా ప్రశ్నలకు జవాబు చెప్పింది కోడలు. బ్యాంకు ఉద్యోగి, రిటైర్మెంటుకు దగ్గరలో ఉంది. ఆమె అలసట నిజం. మాట్లాడుతూ రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. కానీ నిన్న రాత్రి అత్తగారు ఎన్నిసార్లు లేచారు అని అడిగితే తలుపు వైపు చూసింది. పొద్దున ఏం తిన్నారు అంటే మళ్ళీ తలుపు వైపే. “మాషీ, నువ్వు చెప్పు.”

తలుపు దగ్గర నిలబడిన మనిషి చెప్పింది. రాత్రి రెండుసార్లు లేచిందని రాత్రి డ్యూటీ ఆయా చెప్పి వెళ్ళింది. పొద్దున అన్నం వద్దంది. తనకింకా పెళ్ళి కాలేదనుకుంటోంది ఇవాళ. “పెళ్ళివాళ్ళు వచ్చే వేళైంది, కాస్త తినమ్మా అని చెప్పి నాలుగు ముద్దలు పెట్టాను.” ఇంతలో పిల్లవాడు స్కూలు నుంచి వచ్చాడు. వాడి బూట్లు విప్పి, చేతులు కడిగించి, పాలగ్లాసు ఇచ్చింది కూడా ఆవిడే. ఆమెను పెట్టుకున్నది పెద్దావిడ కోసం. పిల్లవాడిని ‘కాస్త చూస్తూ ఉండటం’ అందులోనే కలిసిపోయింది. దానికి వేరే డబ్బు లేదు.

సాయంత్రం గదికి వచ్చి ఫారం చూసుకున్నాను. ప్రధాన సంరక్షకురాలు: కోడలు. భారం స్కోరు: 47. మాషి పేరు గానీ, ఆమె చేసే పని గానీ ఎక్కడా లేదు. ఆమెకు గడి లేదు.

నేను చెప్పదలచింది ఇదే. సంరక్షకుల మీద మన దేశంలో జరిగే పరిశోధన, ఇంట్లో ఎవరి చేతులు మలమూత్రాలు ఎత్తుతున్నాయో వాళ్ళను మొదటి పేజీలోనే తీసేస్తోంది. అలా తీసేయబడ్డవాళ్ళలో దళిత, బహుజన, ముస్లిం మహిళలే ఎక్కువగా కనిపిస్తుంటే దాన్ని కేవలం పద్ధతిశాస్త్రపు పొరపాటు అనలేం. ఎవరి శ్రమను శ్రమగా గుర్తించాలో కులం ముందే తేల్చిపెట్టింది. మన ప్రశ్నావళులు దాని మీద సంతకం పెడుతున్నాయి.

‘మీ బంధువు’ ఎవరు?

సంరక్షకుల భారాన్ని కొలవడానికి ఎక్కువగా వాడే సాధనం జారిట్ కొలమానం. 1980లో అమెరికాలో స్టీవెన్ జారిట్, ఆయన సహచరులు మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 22 ప్రశ్నల రూపం. ఒక్కో జవాబుకు 0 నుంచి 4 మార్కులు, మొత్తం 88. ఎక్కువ వస్తే ఎక్కువ భారం. ప్రశ్నలన్నీ ‘మీ బంధువు’ చుట్టూ తిరుగుతాయి. కుటుంబ సభ్యులే స్వయంగా చూసుకునే ఇళ్ళ కోసం తయారైంది కాబట్టి అందులో ఆ మాట ఉండటం తప్పు కాదు. దాన్ని అలాగే తెచ్చి భవానీపూర్ ఇంట్లో పెట్టినప్పుడే చిక్కు వస్తుంది.

తర్వాత ఒకరోజు మాషిని విడిగా కలిశాను. నియమాల ప్రకారం ఆమె నా నమూనాలోకి రాదు. అయినా ఆ ప్రశ్నలు చదివి వినిపించాను. డబ్బు చాలడం లేదనిపిస్తుందా అనే చోట ఆగి, “ఎవరి డబ్బు?” అంది. మీ బంధువు వల్ల మీ ఆరోగ్యం పాడైందా అనే దగ్గర ఆమెకు ఇంకో సందేహం వచ్చింది. “ఈవిడ గురించి అడుగుతున్నారా దిది, మా ఆయన గురించా?” అప్పుడు తెలిసింది, ఇంటి దగ్గర ఆమె భర్తకు పక్షవాతం. కూతురు కొడుకు ఆరేళ్ళవాడు ఆమె దగ్గరే ఉంటాడు. పగలు 12 గంటలు ఇక్కడ ఒక వృద్ధురాలు, ఒక పిల్లవాడు. రాత్రి అక్కడ ఒక రోగి, ఒక పిల్లవాడు. నేను వెతుకుతున్న ‘ఇద్దరినీ చూసుకునే సంరక్షకురాలు’ ఆమే. ఒకసారి కాదు, రోజుకు రెండుసార్లు. “రెండింటికీ కలిపి ఒకే నంబరు వేసేయండి” అని నవ్వింది.

ఆమెకు 50 దాటాయి. నాకు 28. అయినా ఆమె నన్ను ‘దిది’ అంటుంది, అంటే అక్క అని. ఆ ఇంట్లో ఆమెను మాషి అంటారు, అంటే పిన్ని అని. నాలుగేళ్ళ పిల్లవాడు కూడా ‘నువ్వు’ అనే అంటాడు. ఆమె వాడిని ‘బాబు’ అంటుంది. చుట్టరికం పేర్లు అందరికీ ఉన్నాయి. కప్పు మాత్రం వేరు. ఆ కప్పు వంటింటి కిటికీ అంచు మీద ఉంటుంది. బాత్రూమ్ విషయం అడిగితే, కింద గేటు దగ్గర వాచ్‌మన్ వాడేది ఉందని చెప్పింది. 12 గంటలు ఒక ముసలామెను టాయిలెట్‌కు తీసుకెళ్ళి తీసుకొచ్చే మనిషికి ఆ టాయిలెట్ వాడే హక్కు లేదు.

తెల్లవారుజాము లోకల్

మాషి కానింగ్ వైపు నుంచి వస్తుంది. సియాల్దా దక్షిణ శాఖలో కానింగ్, లక్ష్మీకాంతపూర్, డైమండ్ హార్బర్ లోకళ్ళు చీకటి ఉండగానే బయలుదేరతాయి. ఢాకూరియా, బాలీగంజ్ స్టేషన్లలో దిగి ఆటోల్లో, బస్సుల్లో, నడిచి దక్షిణ కోల్‌కతా ఇళ్ళలోకి వందలాది మంది మహిళలు వెళ్తారు. ఆ రైళ్ళకు నగరం పెట్టిన పేరు ‘ఝీ లోకల్’. బెంగాలీలో ఝీ అంటే పాత అర్థం కూతురు. తర్వాతి అర్థం పనిమనిషి. మాట ఎలా దిగజారిందో చూస్తే మనుషులను ఎలా చూశారో తెలుస్తుంది.

ఈ రైళ్ళు వచ్చేది దక్షిణ 24 పరగణాల జిల్లా నుంచి. 2011 జనాభా లెక్కల్లో పశ్చిమ బెంగాల్ మొత్తం మీద షెడ్యూల్డ్ కులాల వాటా 23.5 శాతం. ఈ జిల్లాలో సుమారు 30 శాతం. జయనగర్, మథురాపూర్ లోక్‌సభ స్థానాలు రెండూ ఎస్సీ రిజర్వుడు. పౌండ్రులు, నామశూద్రులు, బాగ్దీలు, వాళ్ళ పక్కనే పేద ముస్లింలు. 2009 మేలో ఐలా తుపాను, 2020 మేలో ఆంఫాన్ వచ్చి సుందర్‌బన్స్ పొలాల్లోకి ఉప్పునీరు తెచ్చాయి. మగవాళ్ళు కేరళకు, తమిళనాడుకు కూలికి వెళ్ళారు. ఆడవాళ్ళు లోకల్ ఎక్కారు.

ఆయా సెంటర్ అని బోర్డున్న ఒక చిన్న గదిలో నేను రిజిస్టర్ చూశాను. నస్కర్, మండల్, సర్దార్, హల్దార్, బీబీ, ఖాతూన్. పంపే ఇళ్ళ పేర్ల పక్కన ముఖర్జీ, బోస్, మిత్ర, కొన్నిచోట్ల గుజరాతీ, మార్వాడీ ఇంటిపేర్లు. నడిపే ఆయన కమీషన్ ఎంతో దాచలేదు. ‘హిందూ ఆయా కావాలి’ అని అడిగే ఇళ్ళు ఉంటాయని కూడా దాచలేదు. అందుకే కొందరు ముస్లిం మహిళలు ఇంకో పేరుతో పనికి వెళ్తారు. రోజుకు 12 గంటలు తమ పేరు తాము వినకుండా ఉంటారు.

అయినా మా విభాగం సమావేశంలో నేను సంరక్షకుల కులం నమోదు చేస్తానన్నప్పుడు ఒక పెద్దమనిషి, “బెంగాల్‌లో కులం అంత పని చేయదు, అది మీ ఆంధ్ర సమస్య” అన్నారు. ఇంకొకరు అది నా వేరియబుల్ కాదన్నారు. నేను ఆ రోజు గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. 1946లో బొంబాయి నుంచి దారి మూసుకుపోయినప్పుడు బాబాసాహెబ్ రాజ్యాంగ సభకు వెళ్ళింది బెంగాల్ నుంచే. జోగేంద్రనాథ్ మండల్, ఆయనతో నిలిచిన ఎస్సీ శాసనసభ్యులు ఆయనను పంపారు. కులం లేని చోట ఆ రాజకీయం పుట్టదు. అది కనిపించని గదులే ఉన్నాయి. చూడదలచుకోని గదులు.

గది లోపలి మెట్లు

కులం శ్రమ విభజన మాత్రమే కాదనీ శ్రామికులనే విభజిస్తుందనీ, అదీ మెట్లుమెట్లుగా విభజిస్తుందనీ అంబేడ్కర్ 1936లోనే వివరించారు. ఆ మాట ఎంత నిజమో ఒక రోగి గదిలో పది రోజులు కూర్చుంటే తెలుస్తుంది. డాక్టర్ రోగిని రెండు నిమిషాలు తాకుతాడు. నర్సు సూది వేస్తుంది, డైపర్ ముట్టదు. ఆయా డైపర్ మారుస్తుంది, ఒళ్ళు తుడుస్తుంది, బాత్రూమ్ నేల కడగదు. “నేను ఆయాని, ఝీని కాదు” అని నాతో ముగ్గురు విడివిడిగా అన్నారు. నేల కడగడానికి ఇంకో మనిషి వస్తుంది. ఆ మనిషితో ఆయా టీ పంచుకోదు.

ఇది చూసి ఆయాలను తప్పు పట్టడం సులువు. కానీ పై మెట్టు మీదున్నవాళ్ళు ఇచ్చిన అవమానానికి కింది మెట్టు మీద ఇంకొకరు ఉండటమే ఊరట అయ్యేలా ఈ నిర్మాణం పనిచేస్తుంది. శ్రేణీకృత అసమానత అంటే అదే. మలం, మూత్రం, చీము, పుండు ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్ళ కూలి అంత తక్కువ, మర్యాద అంత తక్కువ. సంరక్షణలో అతి ముఖ్యమైన పని ఏదో అదే అతి నీచమైన పనిగా లెక్క.

కోల్‌కతాలో ఈ శ్రమ గురించి రాసినవాళ్ళు లేకపోలేదు. రాకా రే, సీమిన్ ఖయ్యూమ్ 2009లో ఇక్కడి ఇంటిపని సంస్కృతి మీద పుస్తకం తెచ్చారు. సమితా సేన్, నీలాంజనా సేన్‌గుప్తా 2016లో ఇంటి పనివాళ్ళ మీద రాశారు. పాంచాలి రే 2019లో నర్సులు, ఆయాల మధ్య ఉన్న ఎత్తుపల్లాల మీద రాశారు. కానీ ఈ పుస్తకాలు సమాజశాస్త్రం అలమరలో ఉంటాయి. సంరక్షకుల భారం మీద పత్రాలు మనోవిజ్ఞానం, ప్రజారోగ్యం అలమరలో ఉంటాయి. ఒక అలమరలో ఆయా ‘శ్రామికురాలు’. రెండో అలమరలో కోడలు ‘సంరక్షకురాలు’. ఒకే గదిలో ఉన్న ఇద్దరిని రెండు శాస్త్రాలుగా విడదీశాం. విధానం రాసేవాళ్ళు, బడ్జెట్ వేసేవాళ్ళు ఎక్కువగా చదివేది రెండో అలమర.

సర్కారు గడియారం

ప్రభుత్వ గణాంకాలు ఏం చెబుతున్నాయి? జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా సమయ వినియోగ సర్వే చేసింది. తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల వరకు, అరగంటకు ఒక గడి చొప్పున, ఆరేళ్ళు నిండిన ప్రతి మనిషి రోజునూ నమోదు చేశారు. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో మహిళలు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారని తేలింది. 2024 సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ళ మహిళల్లో 41 శాతం ఇంట్లో ఎవరో ఒకరి సంరక్షణలో పాలుపంచుకుంటున్నారు, మగవాళ్ళలో 21.4 శాతం. అలా పాలుపంచుకునే మహిళలు రోజుకు 140 నిమిషాలు, మగవాళ్ళు 74 నిమిషాలు ఇస్తున్నారు.

ఈ అంకెలు విలువైనవి. స్త్రీవాద ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి అడిగితే వచ్చినవి. కానీ వాటి లోపలి అమరిక చూడండి. సర్వే అనుసరించిన అంతర్జాతీయ వర్గీకరణలో జీతం తీసుకుని చేసేది ‘ఉపాధి’ విభాగంలోకి వెళ్తుంది. జీతం లేకుండా ఇంటివాళ్ళకు చేసేది ‘సంరక్షణ’ విభాగంలోకి వెళ్తుంది. కాబట్టి మాషి భవానీపూర్‌లో ముసలామెకు అన్నం తినిపించిన 12 గంటలు సంరక్షణ కింద పడవు. బీడీ చుట్టడం, ఇటుకలు మోయడం ఉన్న విభాగంలోనే పడతాయి. కోడలు ఆఫీసు నుంచి వచ్చి మందు ఇచ్చిన పది నిమిషాలు సంరక్షణ కింద పడతాయి. రెండూ ఒకే మంచం దగ్గర జరిగిన పనులు.

దీని ఫలితం చిన్నది కాదు. ‘భారతదేశంలో సంరక్షణ భారం’ అని మనం గీసే బొమ్మలో అలసిపోయిన కూతుళ్ళు, కోడళ్ళు, భార్యలు ఉంటారు. వాళ్ళ అలసట తగ్గించడానికి సూచనలు కూడా వస్తాయి: కౌన్సెలింగ్, సహాయక బృందాలు, కొన్నాళ్ళ విరామ సేవలు. ఆ విరామం ఎవరి చేతుల మీదుగా వస్తుంది? ఇంకో మాషి చేతుల మీదుగా. ఆమెకు విరామం ఎవరిస్తారు అని ఏ సూచనలోనూ ఉండదు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కూడా బాధ్యతను పిల్లల మీద, వారసుల మీద పెట్టింది. నిజంగా మంచం పక్కన నిలబడే మనిషి గురించి ఆలోచించలేదు.

ఎప్పుడు అత్యవసరం, ఎప్పుడు గౌరవం

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో బెంగాల్‌లో లోకల్ రైళ్ళు ఆగిపోయాయి. నవంబరు 11 వరకు సాధారణ ప్రయాణికులకు తిరగలేదు. 2021 మేలో మళ్ళీ ఆపి అక్టోబరు చివరి దాకా తెరవలేదు. మధ్యలో సిబ్బంది కోసం ప్రత్యేక రైళ్ళు నడిచాయి. వాటిలో ఎక్కడానికి మాషికి గుర్తింపు కార్డు లేదు. వృద్ధులను బతికించే పని అత్యవసర సేవల జాబితాలోకి రాలేదు. 2021 జూన్‌లో సోనార్‌పూర్ వైపు ప్రయాణికులు పట్టాల మీదికి వచ్చి తమనూ ఎక్కనివ్వమని అడిగారు. చాలా ఇళ్ళు ఆ నెలల్లో ‘మేమే అన్నీ చేసుకున్నాం’ అని ఇప్పుడు గర్వంగా చెబుతాయి. ఆ నెలల జీతం ఇచ్చారా అని అడిగితే మాట మారుతుంది.

ఈ కథ వింటుంటే నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. ఆమె మా ఊళ్ళో అంగన్‌వాడీ ఆయా. ఆయా అనే మాట పోర్చుగీసు నుంచి వచ్చి, దొరల ఇళ్ళలో పిల్లలను పెంచిన మనుషులకు పేరై, మా ఊరి అంగన్‌వాడీ దాకా చేరింది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. 42 రోజులు చేశారు. అప్పుడు కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. దాని పేరు జీతం కాదు, గౌరవ వేతనం. ఎందుకంటే 1975లో ఐసీడీఎస్ మొదలైన నాటి నుంచి వాళ్ళు ఉద్యోగులు కాదు, సేవకులు. కానీ 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అత్యవసర సేవల చట్టం. కూలి అడిగిన రోజున స్వచ్ఛంద సేవ, పని ఆపిన రోజున అత్యవసర సేవ. అమ్మ ఫోన్‌లో అడిగింది: “మేం అంత అవసరమైనవాళ్ళమని ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?”

2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది. గౌరవం అనే మాట కింద దాగిన వేతనాన్ని న్యాయస్థానం గుర్తించింది. అది గుర్తించడానికి 47 ఏళ్ళు పట్టింది.

అమ్మ ఊళ్ళో పిల్లలందరినీ చూసుకుంటుంటే నన్ను పెంచింది అమ్మమ్మ. అమ్మమ్మ మంచం పట్టాక ఆమెను చూసుకోవడానికి మా చిన్నమ్మ చదువు మానేసింది. మాషి మనవడిని మాషి లేని వేళల్లో చూసేది పక్కింటి పదమూడేళ్ళ పిల్ల. 2000లో ఆర్లీ హాక్‌షీల్డ్ దీనికి ప్రపంచ సంరక్షణ గొలుసు అని పేరు పెట్టారు. ధనిక దేశపు పిల్లను పేద దేశపు తల్లి చూస్తుంది, ఆమె పిల్లను ఇంకా పేద స్త్రీ చూస్తుంది, చివరికి ఒక పెద్ద కూతురు చూస్తుంది. తెలుగువాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. కోనసీమ నుంచి, కడప నుంచి కువైట్‌కు ‘ఖద్దామా’గా వెళ్ళిన తల్లుల పిల్లలు మన క్లాసుల్లో కూర్చున్నారు. గొలుసు చివరి కొస ఎప్పుడూ ఒకే రకం వాడల్లో తేలుతుంది. ఆ వాడల పేరు చెప్పకుండా గొలుసు గురించి రాసే పత్రం సగం పత్రమే.

ఏం చేయాలి

నాకు వచ్చిన అభ్యంతరాల్లో ఒకదానికి బలం ఉంది. జీతానికి చేసేదీ, ప్రేమతోనో బాధ్యతతోనో చేసేదీ ఒకటి ఎలా అవుతాయి, కలిపేస్తే పాత అధ్యయనాలతో పోల్చలేం కదా అని. కలపమని నేను అనడం లేదు. రెండు గడులు పెట్టమంటున్నాను. ఒక ఇంట్లో ఒకరే సంరక్షకులు ఉంటారన్న ఊహ వదిలేయమంటున్నాను. జీతం తీసుకునే మనిషికి ప్రేమ ఉండదనీ, ఇంటి కోడలికి బలవంతం ఉండదనీ ముందే తేల్చేయొద్దంటున్నాను. పెళ్ళివాళ్ళ కథ చెప్పి నాలుగు ముద్దలు తినిపించడం ఏ కాంట్రాక్టులో ఉంది?

పద్ధతి గురించి తోటి పరిశోధకులకు కొన్ని మాటలు. యజమాని ముందు ఆయాను అడగకండి, అక్కడ వచ్చేది జవాబు కాదు. ఆమె ఎంచుకున్న చోట, ఆమె వేళకు కలవండి. ఆమె సమయానికి డబ్బు ఇవ్వండి, ఆ డబ్బును బడ్జెట్‌లో ముందే రాయండి. కులం, మతం అడిగేటప్పుడు చెప్పకపోయే హక్కు ఆమెకు ఉందని చెప్పి అడగండి. ఎందుకంటే ఆ సమాచారం బయటపడితే పోయేది ఆమె పని, మన పత్రం కాదు. ఆమె పని గంటలతో పాటు ప్రయాణ గంటలు, ఇంటి దగ్గరి సంరక్షణ గంటలు కూడా ఒకే పేజీ మీద రాయండి. కొలమానం ఆమెకు సరిపోకపోతే కొలమానాన్ని మార్చండి.

ప్రభుత్వాలకు చెప్పాల్సినవి పాతవే. ఇంటి పనివాళ్ళ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందాన్ని భారత్ ఆమోదించలేదు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు అజయ్ మాలిక్ కేసులో ఇంటి పనివాళ్ళ కోసం చట్టపరమైన ఏర్పాటును పరిశీలించే కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ చట్టంలో సంరక్షణ పనికి దాని సొంత పేరు, సొంత కూలి రేటు ఉండాలి. రాత్రి డ్యూటీకి వేరే రేటు, వారానికి ఒక సెలవు, పనిచేసే ఇంట్లో టాయిలెట్ వాడే హక్కు రాసి ఉండాలి. ఆయా సెంటర్లు నమోదు కావాలి, కమీషన్‌కు పరిమితి ఉండాలి. లోకల్ రైళ్ళు బయలుదేరే స్టేషన్ల దగ్గర తెల్లవారుజామునే తెరిచే శిశు కేంద్రాలు కావాలి. ఇవి ఎవరో దయతో ఇవ్వాల్సినవి కావు. పశ్చిమ బంగ గృహ పరిచారికా సమితి 2018లో ట్రేడ్ యూనియన్‌గా గుర్తింపు తెచ్చుకుంది. అడిగే గొంతులు ఇప్పటికే ఉన్నాయి. వాళ్ళ చేతికి అంకెలు ఇవ్వడం పరిశోధకుల పని.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లు వచ్చినప్పుడు అంబేడ్కర్ దాన్ని సమర్థించారు. బిడ్డను కనే భారం ఆ స్త్రీ ఒక్కతే మోయాల్సింది కాదని, ఆమె శ్రమతో లాభపడే యజమాని, సమాజం కూడా మోయాలని ఆయన వాదన సారాంశం. మరుసటి ఏడాది అది చట్టమైంది. దాదాపు వందేళ్ళ తర్వాత ఆ ప్రశ్ననే ముసలితనం గురించి, పసితనం గురించి అడగాల్సి వస్తోంది. ఈ భారం ఎవరిది, లాభం ఎవరిది?

నా సంగతికి వస్తే, నమూనా మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పటిదాకా నింపిన ఫారాల్లో సగానికి పైగా పనికిరావు. ఫెలోషిప్ గడువు లోపల థీసిస్ అవుతుందో లేదో తెలియదు. పాత పద్ధతిలోనే పూర్తి చేసేసి, డిగ్రీ వచ్చాక ఇవన్నీ రాసుకోమని మంచి మనసుతోనే సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. ఆ సలహా వింటే, మా అమ్మ చేసే పనికి గడి లేని ఫారం మీద నేను డాక్టరేట్ తీసుకున్నట్టు అవుతుంది.

మొదటి పేజీలో ఆ గడి కొట్టేశాను. దాని స్థానంలో నాలుగు ప్రశ్నలు రాశాను. నిన్న ఈ మనిషికి అన్నం తినిపించింది ఎవరు? ఒళ్ళు తుడిచింది ఎవరు? రాత్రి లేచినప్పుడు పక్కన ఉన్నది ఎవరు? ఆ సమయంలో వాళ్ళ ఇంట్లో వాళ్ళవాళ్ళను చూసుకుంది ఎవరు? ఒక్కో ప్రశ్న ఎదురుగా ఒకటి కంటే ఎక్కువ పేర్లు పట్టేంత చోటు వదిలాను.

మీ ప్రశ్నావళి మొదటి పేజీ కూడా ఒకసారి తీసి చూడండి.

జై భీమ్.